అక్కడా గూఢచారే, ఇక్కడా గూఢచారే

"చైనా వాళ్లు ఎవరితోనూ కలవరు, వాళ్లలో వాళ్లే తిరుగుతారు, క్లాసులో నోరు విప్పరు." అమెరికాలో ఎమ్మెస్ చేసిన మన తెలుగువాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. ప్రొఫెసర్లూ అంటారు, అక్కడి అమెరికన్ విద్యార్థులూ అంటారు, ఆస్ట్రేలియాలో చదివిన మా బంధువుల పిల్లలూ ఇదే అంటారు. నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో చదువుకున్నాను, మా ల్యాబ్‌లో సగానికి పైగా చైనా నుంచి వచ్చినవాళ్లే, వాళ్లలో కొందరితో ఇప్పటికీ స్నేహం ఉంది. వాళ్లతో గడిపి, వాళ్ల మీద వచ్చిన వార్తలూ కేసులూ ఏళ్లుగా చదువుతూ వచ్చాక నాకు గట్టిగా అనిపించేది ఏమిటంటే, ఆ మౌనానికి ఇంగ్లీషు చాలా చిన్న కారణం. అసలు కారణం భయం, ఆ భయం వెనకాల జైలు శిక్షలున్నాయి, రద్దయిన వీసాలున్నాయి, ఊళ్లో అమ్మానాన్నల తలుపు తట్టిన అధికారులున్నారు. సొంత ప్రభుత్వమూ వాళ్లని అనుమానిస్తుంది, చదువుకోవడానికి వెళ్లిన దేశమూ అనుమానిస్తుంది. ఫీజు మాత్రం పూర్తిగా తీసుకునే యూనివర్సిటీ ఈ రెంటి మధ్యా వాళ్లని ఒంటరిగా వదిలేస్తోంది. నా ఫిర్యాదు ముఖ్యంగా ఆ యూనివర్సిటీల మీద.

ఇంగ్లీషు సంగతి ముందే తేల్చేస్తాను. చైనాలో పిల్లలు చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు చదువుతారు, కానీ అదంతా గావ్‌కావ్ అనే వాళ్ల ఎంట్రెన్స్ పరీక్ష చుట్టూ తిరిగే చదువు, చదివి అర్థం చేసుకోవడం ఎక్కువ, మాట్లాడటం తక్కువ. మనం ఇంగ్లీషు మీడియంలో ఇంజినీరింగ్ చేసి వెళ్తాం, యాస ఎలా ఉన్నా ధైర్యంగా మాట్లాడేస్తాం. వాళ్లు వాక్యం కూర్చుకునేసరికి క్లాసులో చర్చ ఇంకో టాపిక్‌కి వెళ్లిపోతుంది, పార్టిసిపేషన్ మార్కులు పోతాయి. ఇది నిజమైన ఇబ్బందే, కాదనను. కానీ అది మొదటి రెండు సెమిస్టర్ల ఇబ్బంది. పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో, పేపర్లు ఇంగ్లీషులో రాసి కాన్ఫరెన్సుల్లో ప్రెజెంట్ చేస్తున్న మనిషి కూడా లంచ్ టేబుల్ దగ్గర వార్తల సంగతి రాగానే మౌనంగా ప్లేటు తీసుకుని లేచి వెళ్లిపోతే, అది ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదు కదా.

పైగా సొంత భాషలో మాట్లాడుకోవడం కూడా వాళ్లకి ప్రమాదమే అయిన సందర్భం ఉంది. 2019 జనవరిలో డ్యూక్ యూనివర్సిటీ బయోస్టాటిస్టిక్స్ విభాగంలో మాస్టర్స్ ప్రోగ్రామ్ బాధ్యురాలు విద్యార్థులకి ఒక మెయిల్ పెట్టారు. కొందరు చైనా విద్యార్థులు బిల్డింగ్‌లో గట్టిగా చైనీస్‌లో మాట్లాడుకుంటున్నారని ఇద్దరు ఫ్యాకల్టీ ఫిర్యాదు చేశారట, వాళ్లెవరో గుర్తుపట్టడానికి ఫొటోలు అడిగారట, రేపు ఇంటర్న్‌షిప్‌కో ప్రాజెక్టుకో వస్తే గుర్తుంచుకోవడానికి. కాబట్టి బిల్డింగ్‌లో ఉన్నంతసేపూ ఇంగ్లీషే మాట్లాడండి అని సలహా. గొడవై ఆవిడ ఆ పదవి నుంచి తప్పుకున్నారు, పైవాళ్లు క్షమాపణ చెప్పారు. మా డిపార్ట్‌మెంట్ కారిడార్లో మేం తెలుగులో ఎంత గట్టిగా మాట్లాడుకున్నా ఇలాంటి మెయిల్ ఎప్పుడూ రాలేదు.

ఇంతమంది ఎందుకొచ్చారో కూడా చూడాలి. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాలు స్టేట్ యూనివర్సిటీలకి ఇచ్చే డబ్బు బాగా తగ్గించాయి. ఆ లోటు పూడ్చడానికి యూనివర్సిటీలు బయటి దేశాల వైపు చూశాయి, ముఖ్యంగా డిస్కౌంట్ అడగకుండా మొత్తం ఫీజు కట్టగలిగే చైనా కుటుంబాల వైపు. అప్పుడే చైనాలో కొత్త మధ్యతరగతి పెరుగుతోంది, ఒక్కరే సంతానం, ఇంటి ధరలు ఎగబాకుతున్నాయి, ఫ్లాట్ అమ్మితే పిల్ల చదువు అయిపోతుంది. అలా 2019-20 నాటికి అమెరికాలో చైనా విద్యార్థులు 3,72,532 మంది అయ్యారు. కొన్ని మాస్టర్స్ కోర్సుల్లో క్లాసంతా దాదాపు వాళ్లే కనిపించే పరిస్థితి. అలాంటి క్లాసులో కూర్చోబెట్టి "మీలో మీరే తిరుగుతున్నారు" అంటే ఎలా? వాళ్లని ఆ లెక్కన చేర్చుకున్నది యూనివర్సిటీయే కదా.

ఇక్కడ నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఒకటి చెప్పాలి. ఇల్లినాయ్ యూనివర్సిటీ, అర్బానా-షాంపేన్ క్యాంపస్, చైనా విద్యార్థులు వేలల్లో ఉండే చోటు. అక్కడి బిజినెస్, ఇంజినీరింగ్ కాలేజీలు 2017లో ఒక ఇన్సూరెన్స్ పాలసీ తీసుకున్నాయి. చైనా విద్యార్థుల నుంచి వచ్చే ఆదాయం వీసా ఆంక్షల వల్లో, అంటువ్యాధి వల్లో ఒక్క ఏడాదిలో 20 శాతం పడిపోతే ఆ నష్టం ఇన్సూరెన్స్ భరిస్తుంది. ఏడాదికి ప్రీమియం 4,24,000 డాలర్లు, కవరేజీ 6 కోట్ల డాలర్ల దాకా. డబ్బు లెక్కలు చూసేవాళ్లకి ఇది తెలివైన పనే, నేను తప్పుపట్టను. కానీ దీన్నిబట్టి ఒక సంగతి తేలిపోయింది: వీసాలు ఆగిపోవచ్చని, ఈ పిల్లల చదువు ఎప్పుడైనా మధ్యలో తెగిపోవచ్చని యూనివర్సిటీకి ముందే బాగా తెలుసు. తెలిసి తన ఆదాయాన్ని కాపాడుకుంది. మరి నిజంగా వీసా ఆగిపోయిన కుర్రాడికి కట్టిన ఫీజు సంగతి, ఖాళీ చెయ్యలేని అపార్ట్‌మెంట్ సంగతి, సగంలో ఆగిన థీసిస్ సంగతి ఎవరు చూడాలి?

సొంత ప్రభుత్వం పెట్టే భయం గురించి మనవాళ్లకి అసలు అందదు, ఎందుకంటే మనకి ఆ అనుభవం లేదు. మనం అమెరికాలో కూర్చుని మోదీనీ, చంద్రబాబునీ, జగన్‌నీ, కేసీఆర్‌నీ, రేవంత్‌నీ ఇష్టమొచ్చినట్టు తిట్టుకుంటాం, సోషల్ మీడియాలో కొట్టుకుంటాం, సెలవులకి ఇంటికి వెళ్లి వస్తాం. మిన్నెసోటా యూనివర్సిటీలో చదివే ఒక 20 ఏళ్ల చైనా కుర్రాడు 2018లో అమెరికాలో ఉండగా ట్విట్టర్‌లో కొన్ని కార్టూన్ బొమ్మలు పెట్టాడు, అవి షీ జిన్‌పింగ్‌ని ఎగతాళి చేసేవని చైనా అధికారులు పట్టుకున్నారు. చైనాలో ట్విట్టర్ తెరవడమే కుదరదు, అక్కడి మామూలు జనం చూడలేని చోట పెట్టిన బొమ్మలవి. 2019 జులైలో సెలవులకి వూహాన్ వెళ్తే అరెస్టు చేశారు, నవంబర్‌లో ఆర్నెల్లు జైలు వేశారు.

పర్‌డ్యూ యూనివర్సిటీలో ఇంకో కుర్రాడు 2020లో, 1989లో బీజింగ్ తియానన్మెన్ చౌరస్తాలో ప్రజాస్వామ్యం కోసం ఉద్యమించి సైన్యం చేతిలో చనిపోయిన విద్యార్థుల ధైర్యాన్ని మెచ్చుకుంటూ ఇంటర్నెట్‌లో ఒక లేఖ పెట్టాడు. చైనాలో రాజ్య భద్రతా శాఖ అధికారులు అతని తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లారు, వాళ్లు భయపడి ఫోన్ చేసి ఆపమని బతిమాలారు. క్యాంపస్‌లో తోటి చైనా విద్యార్థులే కొందరు అతన్ని అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఏజెంటు అన్నారు, కంప్లైంట్ చేస్తామని బెదిరించారు. ఈ విషయం 2021 చివర్లో పత్రికల్లోకి వచ్చాకే యూనివర్సిటీ ప్రెసిడెంటు దాన్ని ఖండిస్తూ లేఖ రాశారు. బోస్టన్‌లో బర్క్‌లీ మ్యూజిక్ కాలేజీ విద్యార్థి ఒకడైతే, స్వేచ్ఛ కావాలని పోస్టర్ అంటించిన ఒక చైనా మహిళని చేతులు నరుకుతానని బెదిరించి, చైనా భద్రతా సంస్థకి ఆమె మీద ఫిర్యాదు చేశానన్నాడు. ఆ కేసులో 2024 ఏప్రిల్‌లో అమెరికా కోర్టు అతనికి తొమ్మిది నెలల జైలు వేసింది. అదే ఏడాది మే నెలలో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఒక రిపోర్టు తెచ్చింది, యూరప్‌లో, ఉత్తర అమెరికాలో చదువుతున్న 32 మంది చైనా, హాంకాంగ్ విద్యార్థులతో మాట్లాడి రాసినది. వాళ్లలో దాదాపు మూడోవంతు మంది, తాము ఇక్కడ చేసిన పనులకి అక్కడ తమ కుటుంబాలని అధికారులు వేధించారని చెప్పారు.

ఇప్పుడు సెమినార్ క్లాసులో చైనా విద్యార్థి స్థానంలో కూర్చుని చూడండి. చుట్టూ మరో పదిమంది చైనా వాళ్లున్నారు. ప్రొఫెసర్ తైవాన్ మీద అభిప్రాయం అడిగాడు. ఆ పదిమందిలో తొమ్మిదిమంది మామూలు మనుషులే, వాళ్లూ ఇలాగే భయపడుతున్నవాళ్లే. కానీ పదో మనిషి ఎవరో తెలియదు. అప్పుడు నోరు మూసుకోవడం కంటే తెలివైన పని ఏముంది? "చైనీస్ స్టూడెంట్స్ షై" అని ఫీడ్‌బ్యాక్ రాసే ప్రొఫెసర్‌కి ఈ లెక్క కనబడదు.

ఇంతలో అవతలి ప్రభుత్వం. 2020 మే 29న ట్రంప్ 10043 నంబరు ప్రకటన మీద సంతకం చేశాడు. చైనా సైన్యానికి టెక్నాలజీ అందించే సంస్థలతో సంబంధం ఉన్న గ్రాడ్యుయేట్ విద్యార్థులకీ పరిశోధకులకీ వీసా ఇవ్వకూడదని దాని సారాంశం. ఆ సెప్టెంబర్‌కే 1,000కి పైగా వీసాలు రద్దు చేశామని చెప్పారు. బైడెన్ వచ్చాక కూడా దాన్ని తియ్యలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందంటే హార్బిన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, బైహాంగ్ లాంటి చోట్ల డిగ్రీ చేసినవాళ్లకి. అవి రక్షణ రంగంతో సంబంధం ఉన్న పెద్ద ఇంజినీరింగ్ యూనివర్సిటీలు, మంచి ర్యాంకు వచ్చిన పిల్లలు చేరతారు. పద్దెనిమిదేళ్లప్పుడు ర్యాంకుని బట్టి చేరిన కాలేజీ పేరు జీవితాంతం అనుమానపు ముద్రగా మారింది. ఆ మనిషి ఏం చదివాడు, ఏం చేస్తాడు అన్నది విడిగా చూసే ఓపిక ఆ పద్ధతిలో లేదు.

మా ల్యాబ్‌లో ఒక అమ్మాయికి ఇంటికి వెళ్లి తిరిగి రావాలంటే మళ్లీ వీసా స్టాంపింగ్‌కి వెళ్లాలి, తన సబ్జెక్టు వల్ల సెక్యూరిటీ చెక్ ఎన్ని నెలలు పడుతుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. వాళ్ల అమ్మమ్మ పోయినప్పుడు వెళ్లలేదు. తనని పెంచింది ఆ అమ్మమ్మే. వీచాట్ (చైనా వాళ్ల వాట్సాప్ లాంటిది) వీడియోలో అంత్యక్రియలు చూసి, ఆ మధ్యాహ్నమే ప్రయోగం దగ్గరికి వచ్చి కూర్చుంది. మనలో కూడా స్టాంపింగ్ భయంతో ఏళ్ల తరబడి ఇంటికి వెళ్లనివాళ్లు ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఇది మనకి అర్థమవుతుంది, అవ్వాలి.

నిజంగా గూఢచారులు లేరా అంటే, ఉన్నారు. షికాగోలో ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివిన ఒక చైనా యువకుడు వాళ్ల గూఢచార శాఖకి పనిచేశాడని 2022లో కోర్టు తేల్చింది, 2023 జనవరిలో ఎనిమిదేళ్ల శిక్ష పడింది. అలాంటివాళ్లని పట్టుకోవాల్సిందే. నా అభ్యంతరం దర్యాప్తు మీద కాదు, ఒకడి నేరాన్ని లక్షలమంది నెత్తిన రుద్దడం మీద. అలా రుద్దితే ఏమవుతుందో అమెరికాకి తన చరిత్రే చెబుతోంది. చియెన్ షుయేసెన్ అనే చైనా విద్యార్థి 1935లో ఎంఐటీకి వచ్చాడు, తర్వాత కాల్‌టెక్‌లో పనిచేశాడు, అమెరికా అంతరిక్ష పరిశోధనలో పేరున్న ఈనాటి జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీకి పునాది వేసినవాళ్లలో ఒకడు. 1950లో కమ్యూనిస్టు అనే అనుమానంతో అతని సెక్యూరిటీ క్లియరెన్స్ తీసేశారు, ఐదేళ్లు కదలనివ్వకుండా ఉంచి 1955లో చైనాకి పంపేశారు. చైనా క్షిపణులకీ రాకెట్లకీ ఆద్యుడయ్యాడు. ఏది జరక్కూడదని భయపడ్డారో దాన్ని చేజేతులా చేసుకున్నారు.

ఈ డెబ్బై ఏళ్ల తర్వాత కూడా నేర్చుకున్నది కనబడదు. 2025 మే 28న విదేశాంగ మంత్రి మార్కో రూబియో చైనా విద్యార్థుల వీసాలు గట్టిగా రద్దు చేస్తామన్నాడు, కమ్యూనిస్టు పార్టీతో సంబంధాలున్నవాళ్లు, కీలక రంగాల్లో చదివేవాళ్లు కూడా అందులో ఉంటారని. చైనాలో పార్టీ సభ్యులు దాదాపు పది కోట్లు, అంటే ఎవరి కుటుంబంలో చూసినా ఒక టీచరో బ్యాంకు ఉద్యోగో సభ్యుడై ఉంటాడు, "సంబంధం" అంటే ఎక్కడి దాకా? మూడు నెలలు తిరక్కుండానే ఆగస్టులో ట్రంప్ ఆరు లక్షలమంది చైనా విద్యార్థులని రానిస్తామన్నాడు. ఈ రెండు ప్రకటనల మధ్య ఎంతమంది ఇళ్లలో నిద్ర లేదో ఎవరికి కావాలి?

సరే, అంత బాధైతే ఇంటికి పోవచ్చుగా అంటారు. ఇంటికి పోతే ఏముంది? 2023 జూన్‌లో చైనాలో 16-24 ఏళ్ల పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతానికి చేరింది, ఆ తర్వాత ప్రభుత్వం కొన్ని నెలలు ఆ అంకె ప్రకటించడమే ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో గ్రీ అనే పెద్ద ఏసీల కంపెనీ అధినేత్రి డాంగ్ మింగ్‌జూ, విదేశాల్లో చదివి తిరిగొచ్చినవాళ్లని మేం ఉద్యోగంలోకి తీసుకోం, వాళ్లలో గూఢచారులుంటారు అని వాటాదారుల సమావేశంలోనే అనేసింది. దేశంలో చాలామంది ఆమెని తప్పుపట్టారు, అది నిజం, కానీ అంత ధైర్యంగా అనగలిగే వాతావరణం ఉంది కాబట్టే అన్నది. అమెరికాలో చైనా గూఢచారి, చైనాలో అమెరికా గూఢచారి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

కరోనా అప్పుడు ఇది ఇంకా స్పష్టంగా కనబడింది. 2020 మొదట్లో మాస్కు వేసుకుని బయటికి వస్తే విదేశాల్లో వీధిలో తిట్లు. మార్చి చివర్లో చైనా ప్రభుత్వం ఒక విమాన సంస్థకి ఒక దేశం నుంచి వారానికి ఒక్క ఫ్లైటు అని నిబంధన పెట్టింది, టికెట్ల ధరలు ఆకాశాన్నంటాయి. ఎలాగో కష్టపడి వెళ్లినవాళ్లని సొంత దేశం ఇంటర్నెట్‌లో జనం తిట్టారు: దేశాన్ని కట్టేటప్పుడు లేరు గానీ, వేల మైళ్ల నుంచి విషం మోసుకురావడానికి మాత్రం ముందున్నారు అని. జులైలో అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ, క్లాసులన్నీ ఆన్‌లైన్ అయితే విద్యార్థులు దేశం వదిలి పోవాలంది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కితే వారంలో వెనక్కి తగ్గింది. యూనివర్సిటీలు తలచుకుంటే నిలబడగలవు అనడానికి ఆ వారమే సాక్ష్యం, అందుకే మిగతా సందర్భాల్లో వాటి మౌనాన్ని నేను క్షమించలేను.

ఈ భయాన్ని మోసగాళ్లు కూడా బాగా వాడుకుంటున్నారు. చైనా ఎంబసీ నుంచి మాట్లాడుతున్నాం, మనీ లాండరింగ్ కేసులో నీ పేరుంది, ఎవరికీ చెప్పకు అని ఫోన్ వస్తుంది. మన దగ్గర డిజిటల్ అరెస్ట్ అంటున్నామే, అదే పద్ధతి. కాకపోతే అక్కడ ఇంకో మెట్టు ఎక్కి పిల్లాడిని ఎక్కడో దాక్కోమని చెప్పి, కట్టేసినట్టు ఫొటోలు తీయించి, అవి తల్లిదండ్రులకి పంపి డబ్బు గుంజుతారు. 2023 డిసెంబర్‌లో యూటాలో హైస్కూల్ ఎక్స్ఛేంజ్‌కి వచ్చిన 17 ఏళ్ల అబ్బాయి మంచులో, కొండల్లో ఒక టెంటులో ఒంటరిగా దొరికాడు. అప్పటికే తల్లిదండ్రులు దాదాపు 80,000 డాలర్లు పంపేశారు. అంత తేలిగ్గా ఎలా నమ్ముతారని నవ్వేవాళ్లకి నా సమాధానం ఇదే: తమ ప్రభుత్వం ఎంత దూరమైనా చెయ్యి చాపగలదని చిన్నప్పటి నుంచి తెలిసిన పిల్లలు నమ్మక ఏం చేస్తారు?

ఇదంతా లోపల పెట్టుకుని చదువుతున్నారు. 2013లో యేల్ యూనివర్సిటీలో చైనా విద్యార్థుల మీద వచ్చిన సర్వేలో 45 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, 29 శాతం మందిలో యాంగ్జైటీ లక్షణాలు కనిపించాయి. చిన్న సర్వేనే, నూట ముప్పై మంది, అయినా నేను చూసినదానికి దూరంగా లేదు. పైగా ఇది 2020కి ముందు మాట. ఇంటికి చెప్పుకోలేరు, ఒక్కరే సంతానం, అమ్మానాన్నల ప్రాణమంతా ఇక్కడే ఉంది, పైగా వీచాట్‌లో ఏం మాట్లాడినా ఎవరో వింటారన్న అనుమానం. కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్తే అక్కడ ఇంగ్లీషులో ఏడవాలి. మనవాళ్లకైనా ఇదే సమస్య గానీ, మనకి కనీసం తెలుగు సంఘాలున్నాయి, వీకెండ్ ఎవరో ఒకరి ఇంట్లో పప్పూ అన్నం ఉంటుంది, అక్కడ నోరు తెరిచి ఏడ్చినా తిట్టినా మనకేం కాదు.

మనవాళ్ల సంగతి కూడా చెప్పి తీరాలి. 2023-24లో అమెరికాలో భారత విద్యార్థులు 3,31,602కి చేరి చైనాని (2,77,398) దాటేశారు. 2009 తర్వాత మనం మొదటి స్థానంలోకి రావడం అదే మొదటిసారి, ఆ పెరుగుదలలో తెలుగు రాష్ట్రాల వాటా ఎంతో హైదరాబాద్‌లో ఏ కన్సల్టెన్సీ బోర్డు చూసినా తెలుస్తుంది. అప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో సంబరాలు చూసి బాధపడ్డాను. వాళ్లు తగ్గింది మనం గెలవడం వల్ల కాదు, వాళ్లని తరిమారు కాబట్టి. ఆ ఖాళీని ఫీజులతో నింపుతున్నది ఎవరు? ఊళ్లో పొలం తాకట్టు పెట్టి లోను తీసుకున్న మన ఇళ్లు. చైనా వాళ్లతో యూనివర్సిటీలు నడిపిన లెక్కే ఇప్పుడు మనతో నడుస్తోంది.

2025 ఏప్రిల్‌లో ఇది రుజువైంది. ఉన్నట్టుండి వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థి చట్టబద్ధంగా ఉన్నాడని చూపే ప్రభుత్వ రికార్డులు, రద్దు చేశారు, చాలామందికి కారణం ట్రాఫిక్ టికెట్ లాంటిది, కొందరికి అదీ లేదు. ఇమ్మిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో సగం భారతీయులవి, తర్వాతి స్థానం చైనా వాళ్లది. న్యూ హ్యాంప్‌షైర్ కోర్టులో ఐదుగురు విద్యార్థులు కలిసి కేసు వేశారు, వాళ్లలో ముగ్గురు భారతీయులు, ఇద్దరు చైనా వాళ్లు. బహుశా క్యాంపస్‌లో ఎదురైనా పలకరించుకునేవాళ్లు కాదేమో. ఇలాంటి కేసులు దేశమంతటా పడ్డాయి, నెల తిరిగేలోపే ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు తిరిగి ఇస్తామని కోర్టుకి చెప్పింది.

నేను యూనివర్సిటీలని అడిగేవి పెద్ద ఖర్చయ్యేవి కావు. విదేశాల్లో అన్న మాటలకీ కేసు పెట్టగల హాంకాంగ్ భద్రతా చట్టం వచ్చాక 2020లో ప్రిన్స్‌టన్‌లో చైనా రాజకీయాల క్లాసులో విద్యార్థులు పేరు బదులు కోడ్ పెట్టి పేపర్లు ఇచ్చే ఏర్పాటు చేశారు, ఆక్స్‌ఫర్డ్‌లోనూ పేరు లేకుండా పేపర్లు ఇవ్వనిచ్చారు. అది అన్నిచోట్లా చెయ్యొచ్చు. వీసా ఆగితే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారో, సీటు ఎన్నాళ్లు ఉంచుతారో అడ్మిషన్ లెటర్‌లోనే రాయాలి. మాండరిన్ వచ్చిన కౌన్సెలర్ ఒకరు, తెలుగో హిందీయో వచ్చిన వాళ్లు ఒకరు ఉండాలి. బెదిరింపు వస్తే ఎవరికి చెప్పాలో, చెప్పినవాళ్ల పేరు బయటికి రాకుండా ఏం చేస్తారో చేరిన రోజే చెప్పాలి. మనవాళ్ల అసోసియేషన్ దీపావళి హాలు కోసం, వాళ్ల అసోసియేషన్ చైనా కొత్త సంవత్సరం హాలు కోసం ఇంటర్నేషనల్ ఆఫీసుకి విడివిడిగా వెళ్తూనే ఉంటాయి. ఈ నాలుగూ అడగడానికి మాత్రం కలిసి వెళ్లాలి, వాళ్లలో కొందరు పేరు పెట్టి సంతకం చెయ్యడానికి భయపడితే ఆ సంతకాలు మనవాళ్లు చెయ్యాలి.